పన్నెండు మంది ఒప్పుకున్న మాట

తిరుమల, తిరుపతి, తిరుచానూరు గుళ్ల గోడల మీద వేయికి పైగా శాసనాలున్నాయి. వాటిలో ఎక్కువ తమిళంలో, కొన్ని తెలుగు, కన్నడాల్లో ఉన్నాయి. వాటిని రాజుల దానాల చిట్టాగా చదవడం మనకు అలవాటు. కానీ 15, 16 శతాబ్దాల శాసనాల్లో దాత పేరు పక్కనే స్థానత్తారు అనే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. గుడి వ్యవహారం నడిపిన పన్నెండు మంది కూటమి అది. అంత పెద్ద ఆస్తిని, అన్ని రకాల హక్కులను ఆ కూటమి తరాల తరబడి నడపగలిగిందంటే కారణం సభ్యుల మంచితనం ఒక్కటే కాదు. ఒకరితో ఒకరికి పొసగడం కష్టమైన వర్గాలను ఒకే చోట కూర్చోబెట్టి, భేదాభిప్రాయాలు తేలాక అందరినీ ఒక్క మాటకు బాధ్యులను చేయడంలోనే దాని బలమంతా ఉందని నా వాదన.

ఆ పన్నెండు మందిలో తిరుపతి శ్రీవైష్ణవులున్నారు, తిరుచానూరు గ్రామ సభవారున్నారు. అర్చకులైన నంబిమార్లు, వైష్ణవ సన్యాసులైన జియ్యర్లు, లెక్కలు రాసే ఆలయ కరణాలు కూడా ఉన్నారు. అర్చకుడికి పూజావేళ ముఖ్యం, కరణానికి లెక్క ముఖ్యం, సభవారికి తమ పాత హక్కు ముఖ్యం. దాత పణాలు (నాటి నాణేలు) చెల్లిస్తే ఆ సొమ్ముతో దేవుడి గ్రామాల్లో చెరువులు, కాలువలు తవ్వించేవారు. పెరిగిన పంటతో ఫలానా రోజున ఫలానా నైవేద్యం పెడతామని స్థానత్తారు దాతకు రాసిచ్చేవారు. ప్రసాదంలో నాలుగో వంతు దాతది, మిగతాది ఎవరెవరికి చెందాలో కూడా అందులోనే ఉండేది. శ్రీవైష్ణవుల ఆజ్ఞ మేరకు కరణం రాశాడన్న మాటతో పత్రం ముగిసేది. రాసింది ఒక్కడే అయినా మాట అందరిదన్నమాట.

రాతి మీద కనిపించేది ఒప్పందమే కదా, తగవు ఎక్కడుంది అని అడగవచ్చు. నిజమే, ఎవరు ఏమని వాదించారో శాసనం చెప్పదు. అయితే ఆ ఒప్పందాల్లో బియ్యం కొలత, నెయ్యి, పెసరపప్పు, బెల్లం, పోకచెక్కల దాకా లెక్క ఉంటుంది. ఎవరూ కాదనని చోట ఇంత వివరం రాయాల్సిన పని లేదు. ప్రతి కొలత వెనకా ఒకప్పటి ప్రశ్నో, రేపు రాబోయే తగవు గురించిన జాగ్రత్తో ఉంది. భేదాన్ని దాచిపెట్టలేదు, దాన్ని లెక్కగా మార్చారు.

ఈ పద్ధతికి ఇంకా పాత వేళ్లున్నాయి. చోళుల కాలంలో తిరుపతి ప్రాంతం తొండైమండలంలో భాగం. ఆ మండలంలోదే ఉత్తరమేరూరు. 919, 921 నాటి అక్కడి శాసనాలు పేర్లు రాసిన ఆకులు కుండలో వేసి, తీసి సభ్యులను ఎన్నుకునే తీరును, లెక్క అప్పజెప్పనివాడిని అనర్హుడిగా చేసే నియమాన్ని చెబుతాయి. ఇంకా దక్షిణాన, పాండ్య దేశంలోని మానూరులో సుమారు 800 నాటి సభ అప్పటికే మరో అడుగు వేసింది. సభ ముందుకు వచ్చిన ప్రతి ప్రతిపాదనకూ కాదు, కాదు అంటూ అడ్డుపడేవారికీ, వారిని బలపరిచేవారికీ అయిదు కాసుల జరిమానా పెట్టింది. అభ్యంతరం చెప్పే నోటిని నొక్కడానికే ఈ నియమమని కొందరనవచ్చు. కానీ జరిమానా కాదన్నందుకు కాదు, అన్నిటినీ కాదన్నందుకు. మొదటిది సభకు అవసరం, రెండోది సభను ఆపేయడం. సమ్మతి పేరుతో చేతులు దులుపుకున్నా కుదిరేది కాదు. గుడిలో 24 దీపాలు వెలిగిస్తామని ఒప్పుకున్న తిరుముండియం సభ రెండే వెలిగిస్తోందని రాజేంద్ర చోళుడి అధికారి తిరుచానూరులో విచారణ జరిపాడు.

నా వాదనకు బలమైన ఆక్షేపణ ఒకటుంది. ఆ కూటమిలో దేవుడి గ్రామాల పొలాలు దున్నిన రైతుకు చోటు లేదు. 966లో వెండి విగ్రహమిచ్చిన సామవై లాంటి దాతలున్నా, సభలో స్త్రీకి పీట లేదు. దీన్ని ఒప్పుకోవాల్సిందే. అయితే ఈ లోపం భేదాభిప్రాయాన్ని కూర్చోబెట్టిన పద్ధతిది కాదు, ఎవరి భేదం లెక్కకొస్తుందో తేల్చిన గడపది. గడపను వెడల్పు చేయాలి కానీ లోపలి పీటలు తీసేస్తే లాభం లేదు. పాలన ఒక్కడి చేతిలో ఉన్న కాలమూ ఉంది. 1843లో ఈస్టిండియా కంపెనీ గుడి అధికారాన్ని హథీరాంజీ మఠం మహంతుకు, అంటే ఒక్క విచారణకర్తకు అప్పగించింది. సుమారు తొంభై ఏళ్ల తర్వాత 1932 నాటి మద్రాసు చట్టంతో 1933లో పాలన మళ్లీ ఒక కమిటీ చేతికి వచ్చింది. ఒక్కడి నిర్ణయం త్వరగా వెలువడుతుంది, నిజమే. కానీ అందరికీ చెందిన ఆస్తి మీద తీసుకునే నిర్ణయం నిలవాలంటే, దాన్ని కాదనగలిగినవాడి పేరు కూడా ఒప్పుకున్నవారిలో ఉండాలి. గోడల మీద స్థానత్తారు అనే ఒక్క మాట వెనక పన్నెండు మంది నిలబడింది అందుకే.