ప్రేమలేఖ పేరుతో వచ్చిన పురుగు

ఆ కట్టె కాస్త ఎగదొయ్యరా అబ్బయ్యా. నల్లమల గాలి ఈ పొద్దు గట్టిగా కొడతా ఉంది. ఊఁ, ఇంక వినండి.

ఇది 2000 సంవత్సరం, ఎండాకాలం నాటి సంగతి. నేనప్పుడు మార్కాపురంలో ఒక పలకల వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తా ఉండేవాణ్ణి. గిద్దలూరు, కంభం వైపు చదువుకున్న పిల్లోళ్లు హైదరాబాదు పోయి, అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకుని, కంప్యూటర్ పనుల గిరాకీలో అమెరికా విమానం ఎక్కతా ఉన్న రోజులు. వాళ్ల కబురు తెలియాలంటే ఉత్తరం కోసం కాచుకోవాల. లేకపోతే ఎస్టీడీ బూత్‌లో ఎర్రంకెలు పరిగెత్తేది చూస్తా రెండు ముక్కలు మాట్లాడి పెట్టేయాల. ఈమెయిలు వచ్చినాక ఆ ఇళ్లకు ప్రాణం లేచొచ్చింది. ఒంగోలు పోయి నెట్ సెంటర్లో కూచుంటే, బిడ్డ రాసింది అప్పటికప్పుడు కనపడేది. ఫొటో కూడా పంపేవాళ్లు!

అట్లాంటప్పుడు, మే 4న, బేస్తవారం నాడు, ఫిలిప్పీన్స్ దేశంలో మనీలా నుంచి ఒక మెయిలు బయల్దేరింది. పైన 'ఐ లవ్ యూ' అని ఉంటది. లోపల, దీనికి జోడించిన ప్రేమలేఖ చూడమని ఒక్క ముక్క. ఆ ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ అని కనపడతది కాబట్టి ఉత్తరమే కదా అని నొక్కుతారు. దాని వెనక వీబీఎస్ అని ఇంకో తోక ఉంది. విండోసు ఆ తోకను కనపడకుండా దాచేసేది. లోపలుండేది ఉత్తరం కాదు, ప్రోగ్రాము. ఇట్లా తనంతట తానే పాకేదాన్ని కంప్యూటర్ పురుగు అంటారు. నొక్కగానే అవుట్‌లుక్‌లో రాసిపెట్టుకున్న అడ్రసులన్నిటికీ, నీ పేరు మీదనే, మళ్లా అదే మెయిలు పోయేది. అంతకు ముందేడు మార్చిలో మెలిస్సా అని ఒకటొచ్చింది. అది మొదటి 50 అడ్రసులతో ఆగేది. దీనికి ఆ అడ్డు కూడా లేదు.

మొన్న నీ ఫోన్‌కు వాట్సాప్‌లో పెళ్లిపత్రిక అని ఏపీకే అనే ప్రోగ్రాము ఫైలు రాలా? మీ బావ పేరుతోనే గదా వచ్చింది! అదే ఎత్తు.

ఆసియాలో ఆఫీసులు తెరిచే వేళకు మొదలై, పొద్దు ఎటు పోతే అటే పోయింది. యూరపు, ఆపైన అమెరికా. బ్రిటన్ పార్లమెంటు తన మెయిలే ఆపేసుకుంది. కోటికి పైగా కంప్యూటర్లకు తగిలిందని లెక్క.

అది ఎంపీత్రీ పాటల్ని దాచి ఊరుకుంది గాని, ఫొటోల మీద మాత్రం తన రాత తాను రాసేసేది. ఇంక ఆ ఫొటో లేనట్టే. మా వీధిలో ఒకాయన కొడుకు అమెరికాలో బిడ్డ బారసాల ఫొటోలు ఆఫీసు కంప్యూటర్లో పెట్టుకున్నాడు. ఒక్కటి మిగల్లా. ఆ మాట చెప్తా ఆ బిడ్డ నాయనమ్మ కళ్ల నీళ్లు పెట్టుకుంది. కంపెనీలకు వేల కోట్ల నష్టం అని పేపర్లు రాసినయ్. ఆమె నష్టం ఏ పేపరు రాస్తది?

చేసినోడు ఓనెల్ డి గుజ్మన్. మనీలాలో కంప్యూటర్ కాలేజీ పిల్లోడు, అప్పటికి 24 ఏళ్లు. ఇంటర్నెట్‌కు డబ్బుల్లేక, ఇతరుల పాస్‌వర్డులు లాగే ప్రోగ్రాము రాస్తానని కాలేజీలో ప్రాజెక్టుగా పెడితే, అది దొంగతనమని వాళ్లు తోసిపుచ్చారు. ఆ ఆలోచననే ఈ పురుగుగా మార్చి వదిలాడు. మనీలాలో హ్యాకరు కోసం పోలీసులు వెతుకుతా ఉన్నారని వాళ్లమ్మ చెప్తేనే, సంగతి ఎంత దూరం పోయిందో వాడికి తెలిసిందంట.

కేసు పెట్టారు. కాని శిక్ష వేసేదానికి ఆ దేశంలో చట్టం లేదు. ఆ జూన్‌లో చట్టం తెచ్చారు, అది వెనకటి నేరానికి పనికిరాలా. ఆగస్టులో కేసు కొట్టేశారు. మన ఐటీ చట్టం కూడా ఆ ఏడాదిదే. జూన్‌లో రాష్ట్రపతి సంతకమయితే, అక్టోబరు 17 నుంచి అమలైంది.

2020లో బ్రిటన్ విలేకరి ఒకాయన బయటపెట్టాడు: ఆ పిల్లోడు మనీలాలోనే ఒక అంగట్లో ఫోన్లు బాగుచేసుకుంటా ఉన్నాడని. నేనే చేశానని ఒప్పుకున్నాడు. డబ్బుల్లేని పిల్లోడికి నెట్ మీద ఉన్న ఆశ నాకు తెలుసు, మన ఊళ్ల పిల్లోళ్లకు ఉన్నదీ అదే. కాని ఆ పురుగు కన్నోళ్ల పేరు, స్నేహితుల పేరు పెట్టుకుని ఇళ్లల్లోకి పోయింది చూడు, దాన్ని మాత్రం నేనింతవరకు మన్నించలా.