ఓలాండ్ దీవులు, మన ఏజెన్సీ గీత

"మేమూ భారతీయులమే కదా, ఏజెన్సీలో భూమి ఎందుకు కొనకూడదు?" అని ఎవరైనా అడిగితే మన యువకులు జవాబుకు తడుముకుంటారు. వారికోసం ఓలాండ్ సంగతి చెబుతున్నాం.

స్వీడన్, ఫిన్లాండ్‌ల నడుమ సముద్రంలో ఉన్న ఈ దీవుల్లో జనాభా సుమారు 30,000. భాష స్వీడిష్, దేశం ఫిన్లాండ్. 1921లో నానాజాతి సమితి తగవు తీరుస్తూ దీవులు ఫిన్లాండ్‌వేననీ, అక్కడివారి భాషకూ భూమికీ రక్షణ ఉండాలనీ చెప్పింది. ఆ మాటే తర్వాతి చట్టాల్లో స్థానిక హక్కు అయింది. అది లేనివారు ఫిన్లాండ్ పౌరులైనా అక్కడ కాపురం ఉండవచ్చు గానీ, అనుమతి లేకుండా భూమి కొనలేరు, దీవుల శాసనసభకు ఓటు వేయలేరు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే బిడ్డకు వస్తుంది. బయటి పౌరులు ఐదేళ్లు నివసించి, స్వీడిష్ వచ్చని చూపించి అడగాలి. (మన భాష రాకుండానే మన ఊళ్లలో ఉద్యోగకాలం గడిపేవారిని చూస్తున్నాం కదా!)

మన రాజ్యాంగమూ 19వ అధికరణలో దేశమంతటా నివసించే హక్కు ఇచ్చి, షెడ్యూల్డు తెగల మేలు కోసం దానికి హద్దు పెట్టవచ్చని అక్కడే రాసింది. 1/70 అంత దూరం కూడా పోలేదు. గిరిజనేతరుల నివాసాన్ని అది ఆపదు, వారి చేతికి భూమి పోవడాన్ని ఆపుతుంది. అనంతగిరి మండలం బొర్రా గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, ఈ కట్టడి ప్రభుత్వానికీ వర్తిస్తుందని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది.

అయితే దీవికి సముద్రం హద్దు. మన హద్దు కాగితం మీద ఉంది. కె. కోటపాడు నుంచి దేవరాపల్లి మీదుగా కొండలవైపు వెళితే, పైన అనంతగిరి షెడ్యూల్డు ప్రాంతం, ఇవతలి రెండు మండలాలూ కావు. దేవరాపల్లి, చీడికాడ, మాడుగుల మండలాల కొండ అంచుల్లో గిరిజన గ్రామాలు ఎన్నో ఉన్నాయి. తెగ ధ్రువపత్రం పైవారికీ కిందివారికీ ఒకటే. పై ఊరి జిరాయితీ పొలాన్ని గిరిజనేతరుడు రాయించుకుంటే చెల్లదు, కింది ఊరిదైతే చెల్లుతుంది. అప్పు తీర్చలేని ఏడాది ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది.

2006 అటవీ హక్కుల చట్టం మాత్రం ఈ గీత చూడదు. పోడు పట్టా అడిగే హక్కు కింది ఊళ్లకూ ఉంది. ఈ నాన్ షెడ్యూల్డ్ గ్రామాలను ఐదో షెడ్యూలులో చేర్చాలని గిరిజన సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. గవర్నరును సంప్రదించి ఆ విస్తీర్ణం పెంచే అధికారం రాష్ట్రపతికి ఆ షెడ్యూలులోనే, ఆరో పేరాలో ఉంది.