టార్క్ రెంచి ‘టిక్కు’మనుట ఎట్లు?

బరంపురం మీదుగా సాగే 16వ నంబరు (పూర్వపు 5వ నంబరు) జాతీయ రహదారిపై లారీ చక్రపు నట్లు వదులైతే చక్రమే ఊడిపోవచ్చు. మితిమీరి బిగిస్తే స్టడ్డు సాగి విరుగుతుంది. ఈ రెంటి నడుమ తగిన బిగువును తెలిపే సాధనమే క్లిక్ టార్క్ రెంచి.

దీని పిడి ఒక బోలు గొట్టం. అందులో బలమైన స్ప్రింగు ఉంటుంది. పిడి చివరను తిప్పి, కావలసిన న్యూటన్-మీటర్ల గీతకు చేర్చినకొద్దీ లోపలి మర స్ప్రింగును అదుముతుంది. రెంచి తల నుండి గొట్టంలోకి ఒక మీట చొచ్చుకొని ఉంటుంది. ఆ మీట కొనకూ స్ప్రింగుకూ మధ్య చిన్న ఉక్కు దిమ్మ (కొన్ని రకాలలో గుండు) నిలిచి ఉంటుంది. స్ప్రింగు ఒత్తిడి దిమ్మను కదలనీయనంతవరకు తల, పిడి ఒకే కడ్డీవలె పనిచేస్తాయి. నట్టు ఎదురుబలం ఆ ఒత్తిడిని మించగానే దిమ్మ ఒరుగుతుంది. మీట గొట్టపు గోడను తాకి ‘టిక్కు’మంటుంది. చేతికి క్షణకాలం పట్టు సడలినట్లు తోస్తుంది. లాగుడు ఆపగానే స్ప్రింగు దిమ్మను తిరిగి నిలబెడుతుంది.

ఆ శబ్దం హెచ్చరిక మాత్రమే. ఇంకా లాగితే బిగువు పెరుగుతూనే ఉంటుంది. ‘మరొక్క టిక్కు’ కోసం లాగేవారు కొలతను తామే చెరుపుకొంటున్నారు. పొడి మరకు చెప్పిన కొలతను నూనె పూసిన మరకు వాడినా బోల్టు అధికంగా సాగుతుంది.

పని ముగిశాక స్ప్రింగును కనిష్ఠ గీతకు తేవాలి. అంతకు దిగువకు తిప్పరాదు. వేరే నియమం లేనప్పుడు 12 నెలలకు లేదా 5000 బిగింపులకు, ఏది ముందైతే అప్పుడు, కొలత సరిచూడాలని ఐ.ఎస్.ఓ. 6789 ప్రమాణం సూచిస్తుంది. తుప్పుపట్టిన నట్లు ఊడదీయడానికి దీనిని వాడరాదు.