ఎదిగే వెన్ను ఆగదు

తుమ్మలపల్లె అనగానే యురేనియం గని గుర్తొస్తుంది కదా. ఈరోజు మాట గని గురించి కాదు, ఇలాంటి మెట్ట ఊళ్లలో పిల్లల వెన్ను ఆపరేషన్ల గురించి.

ఒకప్పుడు పెద్ద ఆపరేషన్ అంటే పొలం అమ్మాలి, లేదా ముఖ్యమంత్రి సహాయనిధికి అర్జీ పెట్టి హైదరాబాద్ వైపు చూస్తూ కూర్చోవాలి. ఆ అర్జీల వెల్లువలోంచే ఆరోగ్యశ్రీ పుట్టింది. ఈ ఊరున్న పులివెందుల ఎమ్మెల్యే వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలుపెట్టారు. 2008లో రాష్ట్రమంతా వచ్చింది.

డబ్బు కోసం ఎదురుచూపు తగ్గింది. సర్జన్ కోసం ఎదురుచూపు మిగిలింది. పిల్లల వెన్ను సరిచేసే సర్జన్లు కొద్దిమందే. ఈలోగా పిల్ల ఎత్తు పెరిగేకొద్దీ వంకరా పెరుగుతుంది.

అందుకే నేననేది: బళ్లోనే పిల్లల్ని ముందుకు వంగమని, వీపు ఒకసారి చూడండి. తొందరగా కనిపెడితే కొందరికి ఆపరేషనే అక్కర్లేదు.