సత్యనారాయణ అను పేరు

ఒకప్పుడు గోదావరి జిల్లాలలో వీధిలో నిలిచి "సత్తిబాబూ" అని కేక వేసినచో నలుగురు పలికెడివారు. సత్యమే స్వరూపముగా గల నారాయణుడని ఈ పేరున కర్థము. వేంగీ చాళుక్యుల నాడు ఇచ్చట ఘనమైనది భీమనామము. సామర్లకోట భీమేశ్వరాలయమును కట్టించినవాడు చాళుక్య భీముడే. సత్యనారాయణ వ్రతకథ స్కాందపురాణమున రేవాఖండములోనిదని ప్రతీతి. అయినను పేరునకు ఊపు వచ్చినది 1891లో అన్నవరము రత్నగిరిపై స్వామి ప్రతిష్ఠ జరిగిన పిమ్మటనే యని మా తలంపు. సంతానము కోరి వ్రతము మ్రొక్కుకొన్న తల్లి ఆ మ్రొక్కునే బిడ్డకు పేరుగా పెట్టెడిది: మగవాడైన సత్యనారాయణ, ఆడపిల్లయైన సత్యవతి. ఇంటిలో సత్తియ్య, సత్తిపండు. బడి పట్టికలో మాత్రము నిండుపేరే. నేడు తాత పేరు మనుమనికి పెట్టుట అరుదైనది. పెట్టినను 'సత్య' అని తుంచి సరిపెట్టుచున్నారు. నారాయణుని విడిచిపెట్టుట మాకు రుచింపదు. కొండపై వ్రతములకు మాత్రము కొదువ లేదు.