అక్షరముల పొందిక, జీవుల చుట్టరికము

నా విద్యార్థిదశలో మా గురువుగారు ఒక కావ్యమునకు చెందిన యైదు ప్రతులను నా కొసగి, పాదమునకు పాదము సరిచూడుమనిరి. మొదటి రెండు ప్రతులను పోల్చునపుడే లోపించిన పాదమునకై తప్పుచోట ఖాళీ విడిచితిని. తక్కిన మూటిని దానికే అనుగుణముగా సర్దితిని. నెలదినముల శ్రమ వ్యర్థమయ్యెను. జీవశాస్త్రమునందును ఇట్టి కథయే కలదు.

ప్రోటీను అనునది ఇరువది విధముల ఆమైనో ఆమ్లములతో కూర్చిన మాల. ఒక్కొక్క ఆమ్లమునకు ఒక్కొక్క అక్షరము గుర్తు. వివిధ జీవుల మాలలను వరుసగా వ్రాసి, లోపించినచోట ఖాళీలుంచి, సరియైన యక్షరములను ఒకే నిలువువరుసకు తెచ్చినచో వాని చుట్టరికము తెలియును. 1970 లో నీడిల్‌మన్, వున్ష్ అనువారు రెండు మాలలను పొందించు గణితమార్గమును ప్రకటించిరి. కాని మాలలు హెచ్చినకొలది లెక్క విపరీతముగా పెరుగును. నూఱేసి యక్షరముల మాలలు రెండైనచో పదివేల గడులు, మూడైనచో పదిలక్షలు, అయిదైనచో వేయికోట్లు!

1987 లో ఫెంగ్, డూలిటిల్ అనువారు ఒక సులభోపాయము ననుసరించిరి. మొదట దగ్గఱి చుట్టములను జతపఱచి, పిదప దూరపువారిని చేర్చుటయే యది. 1988 లో హిగ్గిన్స్, షార్ప్ అనువారు ఐర్లండులోని డబ్లిను నగరమున ఈ పద్ధతిని చిన్న కంప్యూటరుపై నడపు 'క్లస్టల్' అను ప్రోగ్రామును రచించిరి. 1994 నాటి 'క్లస్టల్ డబ్ల్యు' లోకమెల్ల వ్యాపించెను.

అయినను నా బాల్యదోషమే దీనియందును కలదు. ఒకసారి విడిచిన ఖాళీ యెప్పటికిని ఖాళీయే. మొదటి జతలోని పొరపాటు కడవఱకు నిలుచును. దీనికి విరుగుడుగా 2000 లో వచ్చిన 'టీ-కాఫీ' ప్రతి జతను పొందించునపుడును తక్కిన మాలల సాక్ష్యమును విచారించెను. 2002 నాటి 'మాఫ్ట్', 2004 లో ఎడ్గార్ రచించిన 'మజిల్' అనునవి కూర్చినదానిని రెండుగా విడదీసి మరల పొందించి, మెఱుగైనచో గ్రహించుచుండెను.

ఇందు పొరపాటు స్వల్పమని తలపరాదు. ఈ పొందికపైననే వంశవృక్షములు నిర్మింపబడును. నిలువువరుస తప్పినచో, సంబంధములేని యక్షరములు అన్నదమ్ములగును, వృక్షమే వంకరపోవును. యంత్రము లెక్కించిన గుణాంకము సత్యమునకు సాక్షి కాదు. పండితుడు కన్నులార చూడవలసినదే. ఆనాడు గురువుగారు నన్ను కోపింపలేదు. "మొదటినుండి విప్పుము" అని మాత్ర మనిరి. తానల్లినదానిని తానే విప్పి చూచుకొనుట యంత్రములకును నేర్పవలసివచ్చినది.