జూదం, నైపుణ్యం, రాజభాగం : ఆధునిక న్యాయచర్చలో మహాభారత ద్యూతకథలు

జూదాన్ని చట్టబద్ధం చేయాలా, నిషేధించాలా అన్న చర్చలో మహాభారతం స్వతంత్ర భారతదేశపు రెండు ముఖ్యమైన న్యాయపత్రాలలో సాక్ష్యంగా నిలిచింది. పత్రికల పదప్రహేళిక పోటీలకు సంబంధించి ఆర్.ఎం.డి. చమర్‌బాగ్‌వాలాకూ బొంబాయి రాష్ట్రానికీ నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1957లో తీర్పు చెప్పింది. అందులో ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఋగ్వేదంలోని అక్షసూక్తాన్నీ, ధర్మరాజు పతనాన్నీ, ధర్మశాస్త్రాలనూ ప్రస్తావించి, జూదానికి వ్యాపారస్వేచ్ఛ వర్తించదని నిర్ణయించారు. 2018లో లా కమిషన్ 276వ నివేదిక అదే కథను వేరుగా చదివింది. ఆనాడు జూదంపై నియంత్రణ ఉండి ఉంటే ధర్మరాజు తమ్ములనూ భార్యనూ పణంగా పెట్టగలిగేవాడు కాడన్న వాదం అందులో కనిపిస్తుంది. ఒకే కథ ఒకచోట నిరసనకూ మరొకచోట నియంత్రణకూ ఆధారమైంది. ఈ రెండు పఠనాలూ కథలోని ఒక కీలకాంశాన్ని విడిచిపెట్టాయని నిరూపించడం, గుర్రప్పందేలు, కేసినోల చర్చకు ఆ అంశం ఎలా వర్తిస్తుందో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ధర్మశాస్త్రాల దృష్టి

ప్రాణం లేని వస్తువులతో ఆడేది ద్యూతం, ప్రాణులతో పందెం కాసేది సమాహ్వయం అని మనుస్మృతి విభజించింది. అయితే ఈ విభజన పేర్లకే పరిమితం. రాజు రెండింటినీ తన రాజ్యం నుండి తొలగించాలన్నది మనువు మతం. యాజ్ఞవల్క్యుడు భిన్నమార్గం పట్టాడు. జూదం ఒక్కచోటనే జరగాలి, అలా జరిగితే దొంగలను గుర్తించవచ్చు, సభికుడు గెలుపులో తన వంతు తీసుకొని రాజభాగం చెల్లించాలి అని విధించాడు. ప్రాణిద్యూతానికీ ఇదే పద్ధతి వర్తిస్తుందన్నాడు. కౌటిల్యుడు ద్యూతాధ్యక్షుణ్ణి నియమించి గెలుపుపై నూటికి అయిదు వంతులు నిర్ణయించాడు. 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెనిగించడంతో యాజ్ఞవల్క్య సంప్రదాయం తెలుగు పద్యంలోకి వచ్చింది.

ఈ శాస్త్రకారుల మధ్య భేదం నిషేధమా, నియంత్రణా అన్నదే. ఆటలో నైపుణ్యం ఎంత, అదృష్టం ఎంత అన్న తూకంపై ఒక ఆటను అనుమతించి మరొకదానిని నిషేధించే పద్ధతి వీరిలో కనిపించదు. ఆధునిక న్యాయచర్చ మాత్రం ప్రధానంగా ఆ తూకం మీదనే నిలిచింది.

నైపుణ్యవాదం నడిచిన దారి

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన సికింద్రాబాదు క్లబ్బు వ్యాజ్యంలో, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏ ముక్క ఉంచుకోవాలో ఏది పారవేయాలో నిర్ణయించడం అవసరం కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యక్రీడ అని సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. 1996లో కె.ఆర్. లక్ష్మణన్ వ్యాజ్యంలో ఇదే తర్కం గుర్రప్పందేలకు వర్తించింది. మద్రాసు పందేలను రద్దు చేయడానికి తమిళనాడు ప్రభుత్వం 1974లో ఒక చట్టం, రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకోవడానికి 1986లో మరొక చట్టం చేసింది. గుర్రపు శిక్షణ, జాకీ చాతుర్యం, పందెగాడి అంచనా ఇవన్నీ నైపుణ్యాలేనని నిర్ణయించి న్యాయస్థానం క్లబ్బు పక్షాన నిలిచింది.

కాని అనుమతుల చరిత్ర ఈ తర్కాన్ని అనుసరించి నడవలేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టం జూదాన్ని నిర్వచిస్తూనే, పందెం జరిగే రోజున నిర్ణీత ఆవరణలో గుర్రాలపై కాసే పందేన్ని ఆ నిర్వచనం నుండి మినహాయించింది. లక్ష్మణన్ తీర్పుకు అది 22 ఏళ్లు ముందు. మలక్‌పేట మైదానంలో పందేలు నిజాం కాలం నుండి సాగుతున్నవే. అనుమతి ముందు వచ్చింది, నైపుణ్యమనే సమర్థన తరువాత వచ్చింది. మరోవైపు, అదృష్టమే ప్రధానమైన కేసినో ఆటలకు గోవా 1992లో అయిదు నక్షత్రాల హోటళ్లలో యంత్రాల రూపంలోనూ, 1996లో నీటిపై నిలిచే నౌకలలోనూ దారి ఇచ్చింది. సిక్కిం 2002లో చట్టం చేసింది. నైపుణ్యక్రీడగా గుర్తింపు పొందిన రమ్మీని మాత్రం డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడరాదని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 నాటి కేంద్ర చట్టం డబ్బుతో కూడిన ఆన్‌లైన్ ఆటలను నైపుణ్యభేదం పాటించకుండా నిషేధించింది.

పన్నుల విధానంలోనూ ఈ భేదం నిలవలేదు. టోట్ పద్ధతిలో క్లబ్బు తన కమిషన్ మినహాయించుకొని మిగిలిన మొత్తాన్ని గెలిచినవారికి పంచుతుంది. పన్ను ఆ కమిషన్ మీదా, మొత్తం పందెం మీదా అన్న వివాదంలో కర్ణాటక హైకోర్టు 2021లో క్లబ్బుల వాదాన్ని అంగీకరించింది. 2023 అక్టోబరు నుండి కేసినోలు, గుర్రప్పందేలు, ఆన్‌లైన్ ఆటలు ఒకే వరుసలో నిలిచి పూర్తి మొత్తంపై 28 శాతం పన్నుకు లోబడ్డాయి. 2025 సెప్టెంబరులో అది 40 శాతమైంది. కౌలు వివాదాల కారణంగా 2024లో ఉదకమండలం, గిండీ మైదానాలను తమిళనాడు ప్రభుత్వం స్వాధీనం చేసుకోవడానికి పూనుకొంది. 1996లో నైపుణ్యవాదంతో గెలిచిన మద్రాసు క్లబ్బుకు భూమి విషయంలో ఆ వాదం అక్కరకు రాలేదు. క్లబ్బుల ఆదాయం తగ్గినప్పుడు మొదట నష్టపోయేది జాకీలు, సయీసులు, లాయాలలో పనిచేసేవారు. వారి జీవనం నైపుణ్యంపై ఆధారపడినదన్నది నిర్వివాదం. ఆ నైపుణ్యం పందెగాడిది కూడా అవుతుందా అన్నదే ప్రశ్న.

అశ్వహృదయం, అక్షహృదయం

నన్నయ తెనిగించిన అరణ్యపర్వభాగంలోని నలోపాఖ్యానం ఈ ప్రశ్నకు అతి సమీపంగా వస్తుంది. నలునికి తెలిసినది అశ్వహృదయం, ఋతుపర్ణునికి తెలిసినది అక్షహృదయం. తాండ్రచెట్టు ఆకులనూ కాయలనూ ఋతుపర్ణుడు చూపుతోనే లెక్కించిన ఘట్టంలో ఇద్దరూ విద్యలు మార్చుకుంటారు. గుర్రాన్ని నడిపే విద్య, సంఖ్యను పసిగట్టే విద్య వేరువేరని కథ స్పష్టం చేస్తోంది. ఆ రెండింటినీ ఒకే నైపుణ్యంగా లెక్కించిన 1996 తర్కం ముందు నిలిచే ప్రాచీన భేదం ఇది. అక్షహృదయం నేర్చిన నలుడు పుష్కరునిపై గెలిచి రాజ్యం తిరిగి పొందాడు. అయితే వ్యాస భారతంలో ఆ రెండవ ఆటకు అతడు ఒడ్డినవాటిలో దమయంతి కూడా ఉంది. నైపుణ్యం ఫలితాన్ని మార్చింది. పణం స్వభావాన్ని మార్చలేదు.

సభాపర్వ ద్యూతాన్ని నియంత్రణ లేని జూదమనడం కూడా సమంజసం కాదు. అది రాజాజ్ఞతో కట్టించిన సభలో, విదురుని ద్వారా పంపిన ఆహ్వానంపై, కులవృద్ధుల సమక్షంలో జరిగింది. ఒకరి తరఫున మరొకరు ఆడటం విషమమని ధర్మరాజు చెప్పిన అభ్యంతరం కూడా ఆ సభ విన్నది. లోపం నియమాలు లేకపోవడంలో లేదు, నియామకుని స్థానంలో ఉంది. ఆటను ఆపగల అధికారం ధృతరాష్ట్రునిది. గెలుపు చేరేది అతని కొడుకుకు. వ్యాస భారతంలో అతడు గెలిచామా అని మళ్లీమళ్లీ అడిగిన ఘట్టం ఈ ద్వంద్వస్థితికి నిదర్శనం. 1957 తీర్పు ఆటగాని వ్యసనాన్ని చూసింది. 2018 నివేదిక నియమాల కొరతను చూసింది. ఫలితంలో వాటా ఉన్న పాలకుడే న్యాయనిర్ణేత కావడం రెండింటి దృష్టికీ రాలేదు.

కేసినోలకు అనుమతినిస్తే ఖజానాకు ఆదాయం, నిషేధిస్తే ప్రజలకు రక్షణ అన్న ప్రస్తుత చర్చ ఈ ద్వంద్వస్థితిని దాటలేదు. పందెపు మొత్తంపై వాటా పొందే ప్రభుత్వమే ఏ పందెం నైపుణ్యమో, ఏది వ్యసనమో నిర్ణయిస్తోంది. సభాపర్వంలో న్యాయసంబంధమైన అసలు ప్రశ్న వేసినది ద్రౌపది. తనను తాను ఓడినవానికి మరొకరిని ఒడ్డే హక్కు ఉందా అన్న ఆమె ప్రశ్న నైపుణ్యం గురించినది కాదు, పణానికి ఉండవలసిన హద్దు గురించినది. ఆ సభలో భీష్ముడు తేల్చలేకపోయిన ఈ ప్రశ్నకు ఆధునిక చట్టాలలోనూ స్పష్టమైన సమాధానం లేదు. మహాభారతాన్ని సాక్ష్యంగా పిలిచే న్యాయచర్చ ఇకముందు పరిశీలించవలసినది ఆ హద్దునే.